యువవయస్కులలో అధిక రక్తపోటు: మాత్ర ఇబ్బంది పెట్టినప్పుడు ఏమి చేయాలి?

అధిక రక్తపోటు వార్ధక్యంలో వచ్చే జబ్బు అనే అభిప్రాయం జనంలో బలంగా నాటుకొని ఉన్నది. అది సరికాదు. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్ళు దాటిన పురుషులలో 24 శాతం మందికి, స్త్రీలలో 21 శాతం మందికి రక్తపోటు ఎక్కువగా ఉన్నది, లేదా వారు దానికి మందు వాడుతున్నారు. వీరిలో ఇరవైలలోను, ముప్పైలలోను ఉన్నవారు కూడా ఉన్నారు. ఊరు విడిచి వచ్చి హోసూరు వంటి పారిశ్రామిక నగరంలో వంతులవారీగా పనిచేసే యువతీయువకులకు ఈ విషయం ముఖ్యమైనది. రాత్రి మేలుకోవడం, హోటలు భోజనం, పొగాకు, వ్యాయామం లేకపోవడం, ఒంటరి జీవితపు ఒత్తిడి రక్తపోటును పెంచే పరిస్థితులే.

యువవయస్కులకు రక్తపోటు ఉన్నదని తెలియడం ఒక సమస్య కాగా, మాత్ర మొదలుపెట్టిన తరువాత వచ్చేది మరొక సమస్య. కాళ్ళు వాచినా, దగ్గు పట్టుకున్నా, నీరసం వచ్చినా చాలామంది ఎవరికీ చెప్పకుండా మాత్ర మానివేస్తారు. మరికొందరు ప్రమాదకరమైన సూచన కనబడినా ఓర్చుకొని మింగుతూనే ఉంటారు. ఈ రెండూ హాని కలిగించేవే. ఏ ఇబ్బందిని ఓర్చుకోవచ్చు, దేనిని వెంటనే చెప్పాలి, దేనికి ఆసుపత్రికి పరుగెత్తాలి అన్న వివేచనే ఈ పాఠం ఉద్దేశం.

రక్తపోటును సరిగా కొలవడం

రక్తపోటును రెండు అంకెలలో చెబుతారు. గుండె ముడుచుకొన్నప్పటి పోటు పై అంకె, గుండె విశ్రాంతిగా ఉన్నప్పటి పోటు కింది అంకె. పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని, లేక అంతకు మించి గాని వేరువేరు రోజులలో కొలిచినప్పుడు కనబడితే అధిక రక్తపోటుగా నిర్ణయిస్తారు. సాధారణంగా ఒక్కసారి కొలిచిన అంకెను బట్టి జీవితకాలపు మందు మొదలుపెట్టరు.

కొలిచే పద్ధతి తప్పితే అంకె కూడా తప్పుతుంది. కొలవడానికి ముందు అరగంటపాటు టీ, కాఫీ, సిగరెట్టు తీసుకోరాదు. మూత్రానికి వెళ్ళి వచ్చి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు తాకాలి, చేయి గుండె ఎత్తున బల్లమీద ఉండాలి. లావైన చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువగా చూపుతుంది. మెట్లెక్కి వచ్చిన వెంటనే, లేదా రాత్రి వంతు ముగించుకొని నిద్ర లేకుండా వచ్చినప్పుడు కొలిచిన అంకెను మాత్రమే నమ్ముకోకూడదు. ఆసుపత్రిలో బెదురువల్ల పెరిగి, ఇంటివద్ద మామూలుగా ఉండేవారు కూడా ఉన్నారు. అటువంటివారు ఇంటివద్ద కొన్ని రోజులు ఉదయం, సాయంత్రం కొలిచి, రాసి పెట్టుకొని వైద్యునికి చూపడం మంచిది.

చిన్న వయసులో కారణం వెతకాలి

పెద్దవారిలో వచ్చే రక్తపోటుకు ఎక్కువగా ఒకే కారణం చూపలేము. ముప్పై ఏళ్ళలోపు వచ్చినప్పుడు మాత్రం లోపల మరో జబ్బు ఉన్నదేమో చూడవలసి ఉంటుంది. మూత్రపిండాల జబ్బు, మూత్రపిండాలకు రక్తం తీసుకుపోయే ధమని ఇరుకు కావడం, అడ్రినల్ గ్రంథి స్రావాలు ఎక్కువ కావడం, థైరాయిడ్ లోపాలు, పుట్టుకతోనే బృహద్ధమని ఇరుకుగా ఉండడం వాటిలో కొన్ని. నిద్రలో గట్టిగా గురకపెట్టి మధ్యమధ్య ఊపిరి ఆగిపోయేవారికి కూడా రక్తపోటు పెరుగుతుంది. అందుచేత మూత్ర పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, పొటాషియం, చక్కెర, గుండె ఇసీజీ వంటి మామూలు పరీక్షలు మొదటనే చేయించుకోవాలి. రెండు చేతులలోను రక్తపోటు కొలవమని అడగాలి.

వాడుతున్న మందులే కారణమయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. ఒళ్ళునొప్పులకు దుకాణంలో కొని మింగే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు రక్తపోటును పెంచుతాయి. ముక్కు దిబ్బడకు వాడే కొన్ని జలుబు మాత్రలు, స్టెరాయిడ్లు, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, కండలు పెరగడానికి వ్యాయామశాలలలో రహస్యంగా అమ్మే మందులు కూడా పెంచగలవు. అతిమధురం ఎక్కువకాలం వాడితే రక్తపోటు పెరిగి పొటాషియం తగ్గుతుంది. వైద్యుడు అడగకపోయినా ఇవన్నీ చెప్పాలి. కొందరికి అటువంటి మందు ఒక్కటి మానితే రక్తపోటు దిగివచ్చి, కొత్త మాత్ర అవసరమే లేకపోవచ్చు.

మాత్రల రకాలు, వాటి ఇబ్బందులు

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో రక్తపోటుకు ఒక పద్ధతి ప్రకారం మందులివ్వడానికి భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం 2017లో మొదలైంది. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, క్లోర్‌థాలిడోన్ అనే మూడు మందులు దానిలో ప్రధానమైనవి. ప్రైవేటు వైద్యులు వీటితోపాటు ఎనలాప్రిల్, రామిప్రిల్, అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటివి కూడా వ్రాస్తారు. తాను మింగే మాత్ర ఏ రకమో తెలిసి ఉండడం రోగికి రక్షణ.

ఆమ్లోడిపిన్ రక్తనాళాలను సడలిస్తుంది. దీనివల్ల చీలమండల వద్ద వాపు, తలనొప్పి, ముఖం వేడెక్కడం కలుగవచ్చు. కొందరికి చిగుళ్ళు పెరుగుతాయి. ఈ కాళ్ళవాపు సాధారణంగా మూత్రపిండాలు చెడినందువల్ల వచ్చేది కాదు. మోతాదు తగ్గించినా, మందు మార్చినా పోతుంది. అయినా రెండు కాళ్ళలోను కాక ఒకే కాలిలో వాపు, నొప్పి ఉన్నా, ముఖం కూడా ఉబ్బినా, ఆయాసం తోడైనా అది మాత్ర పనేనని ఊరుకోకూడదు.

ఎనలాప్రిల్, రామిప్రిల్ ఒకే కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబపు మొదటి మందులలో ఒకటైన కాప్టొప్రిల్‌కు మూలం బ్రెజిల్ దేశపు ఒక విషసర్పం విషం మీద జరిగిన పరిశోధన. ఈ మందులు శరీరంలోని బ్రాడికైనిన్ అనే పదార్థం విరిగిపోకుండా ఆపుతాయి. ఆ పదార్థం ఎక్కువైతే కొందరికి వదలని ఎండు దగ్గు వస్తుంది. వెయ్యిమందిలో కొద్దిమందికి పెదవులు, నాలుక, గొంతు హఠాత్తుగా ఉబ్బుతాయి. ఈ ఉబ్బు మొదటి మాత్రకే రావచ్చు, సంవత్సరాలపాటు ఏ ఇబ్బందీ లేకుండా మింగిన తరువాత కూడా రావచ్చు. గొంతు మూసుకుపోతే ప్రాణం పోతుంది. ఒక్కసారి ఇలా వచ్చినవారు ఆ కుటుంబపు ఏ మందునూ జీవితంలో మళ్ళీ తీసుకోరాదు. టెల్మిసార్టన్, లోసార్టన్ వంటివాటితో దగ్గు అరుదు. ఉబ్బు మరీ అరుదు, కాని అసలే రాదని కాదు.

క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ద్వారా ఉప్పును, నీటిని పంపివేస్తాయి. రక్తంలో సోడియం, పొటాషియం తగ్గిపోతే నీరసం, కండరాలు పట్టడం, గుండె దడ, మాట తడబడడం, అయోమయం, తీవ్రమైతే మూర్ఛ రావచ్చు. కొలిమి వద్ద, పోతపోసే విభాగాలలో, ఎండలో కట్టడం పనిలో చెమటోడ్చేవారు ఈ మాత్ర వాడుతున్నట్లయితే తమ పని ఎటువంటిదో వైద్యునికి తప్పక చెప్పాలి.

అటెనొలాల్, మెటొప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తాయి. నాడి మరీ నెమ్మదించడం, కళ్ళు తిరగడం, చేతులు చల్లబడడం వీటితో రావచ్చు. ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి బిగుసుకుపోవచ్చు. ఉబ్బసం సంగతి ముందే చెప్పని రోగికి పొరపాటున ఈ మందు వ్రాసే ప్రమాదం ఉన్నది.

మూడు మందులు కలిసినప్పుడు

విడిగా మేలుచేసే మందులు కలిసి హాని చేసే సందర్భం ఒకటి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. టెల్మిసార్టన్ గాని ఎనలాప్రిల్ గాని, దానితో క్లోర్‌థాలిడోన్ వంటి మూత్రం పోయే మాత్ర, ఆపైన డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర. ఈ మూడూ ఒకేసారి లోపల ఉంటే మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గి, అవి హఠాత్తుగా దెబ్బతినవచ్చు.

ఉదాహరణకు, రెండు రకాల మందులు కలిపిన రక్తపోటు మాత్ర వాడుతున్న ఒక యువకునికి విరేచనాలు పట్టుకొని, నీరు తాగలేక, ఒళ్ళునొప్పులకు దుకాణంలో నొప్పి మాత్ర కొన్నాడనుకుందాం. రెండు రోజులలో మూత్రం తగ్గిపోతుంది. అతడు దానిని నీళ్ళు తాగకపోవడం వల్ల అనుకుంటాడు. నిజానికి అది మూత్రపిండాల మొర. వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరం వచ్చిన రోజున ఈ మాత్రలు కొనసాగించాలా, కొద్ది రోజులు ఆపాలా అని అదే రోజు వైద్యుని అడగాలి. నొప్పికి ఏమి వాడాలో కూడా అప్పుడే అడగాలి. మందుల దుకాణంలో ఏ మాత్ర అడిగినా “రక్తపోటుకు మందు వాడుతున్నాను” అన్న మాట ముందు చెప్పడం అలవాటు చేసుకోవాలి.

టెల్మిసార్టన్, ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ వాడేవారికి రక్తంలో పొటాషియం పెరిగే అవకాశం ఉన్నది. ఆరోగ్యానికి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులలో పొటాషియం ఎక్కువగా ఉంటుంది. వైద్యుని అడగకుండా దానికి మారకూడదు. పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఈ మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలకు క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించడం అందుకే.

గర్భం దాల్చగల స్త్రీలకు హెచ్చరిక

ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టన్, లోసార్టన్ కుటుంబాల మందులు గర్భస్థ శిశువు మూత్రపిండాలకు తీవ్ర హాని చేస్తాయి. శిశువు మరణించవచ్చు కూడా. గర్భం కోరుకునే స్త్రీ ముందుగానే వైద్యునికి చెప్పి వేరే మందుకు మారాలి. నెల తప్పినట్లు అనుమానం వస్తే, వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అదే రోజు సంప్రదించాలి. లాబెటలాల్, మిథైల్‌డోపా, నెమ్మదిగా పనిచేసే నిఫెడిపిన్ వంటి మందులు గర్భిణులకు వాడుతున్నారు. కాబట్టి భయపడి మందు లేకుండా ఉండిపోవలసిన పని లేదు. గర్భిణికి రక్తపోటు అదుపు తప్పడం తల్లికీ బిడ్డకూ ప్రమాదమే.

ఇబ్బందులలో మూడు మెట్లు

మొదటి మెట్టు: ఓర్చుకొని, వచ్చే సందర్శనలో చెప్పదగినవి. చీలమండల కొద్దిపాటి వాపు, తేలికపాటి తలనొప్పి, మొదటి వారాలలో కొద్దిగా నీరసం. వీటికి మాత్ర మానరాదు.

రెండవ మెట్టు: అదే రోజు గాని మరునాడు గాని చెప్పవలసినవి. వదలని ఎండు దగ్గు, లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మడం, కండరాలు గట్టిగా పట్టడం, మూత్రం తగ్గడం, వాంతులు, విరేచనాలు, నాడి నిమిషానికి 50 కంటే తగ్గడం, గర్భం అనుమానం. వైద్యుని మాట మీద మందు మారుతుంది, లేక కొన్నాళ్ళు ఆగుతుంది.

మూడవ మెట్టు: వెంటనే 108కి ఫోన్ చేయవలసినవి. పెదవులు, నాలుక, ముఖం ఉబ్బడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పడం, అయోమయం, మూర్ఛ, ఒళ్ళంతా దద్దుర్లతోపాటు నోటిలో పుండ్లు రావడం. ఈ మెట్టులో ఆ మాత్రను మళ్ళీ మింగరాదు, మాత్రల అట్టను ఆసుపత్రికి వెంట తీసుకువెళ్ళాలి.

రక్తపోటు 180/120 దాటి, దానితో ఛాతీ నొప్పి, ఆయాసం, ఒక పక్క చేయికాలు పడిపోవడం, మాట తడబడడం, చూపు మసకబారడం ఉంటే అది కూడా 108కి ఫోన్ చేయవలసిన అత్యవసరమే. ఏ బాధా లేకుండా అంకె మాత్రమే ఎక్కువగా ఉంటే కాసేపు విశ్రాంతి తరువాత మళ్ళీ కొలిచి, అంతే ఉంటే అదే రోజు వైద్యుని చూడాలి. నిఫెడిపిన్ గొట్టం మాత్రను చితిపి నాలుక కింద పెట్టుకొనే పాత అలవాటు ప్రమాదకరం. పోటు హఠాత్తుగా పడిపోయి గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశం ఉన్నది.

మాత్ర తనంత తాను మానితే

“అంకె మామూలుకు వచ్చింది కదా, ఇక మాత్ర ఎందుకు” అన్నది యువకులలో ఎక్కువగా వినబడే మాట. అంకె మామూలుకు వచ్చినది మాత్రవల్లనే. అది మానితే కొద్ది రోజులలో మళ్ళీ పెరుగుతుంది. పెరిగినట్లు శరీరం తెలుపదు. లోలోపల గుండె గోడలు మందమవుతాయి, మూత్రపిండాల చిన్న నాళాలు చెడిపోతాయి. కొన్ని మందులు మరింత జాగ్రత్త కోరేవి. అటెనొలాల్, మెటొప్రొలాల్, క్లోనిడిన్ ఒక్కసారిగా మానితే రక్తపోటు, గుండె వేగం ఎగసిపడవచ్చు. వీటిని వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాలి. పండుగకు ఊరికి వెళ్ళేటప్పుడు మాత్రలు మరచిపోవడం కూడా మానడమే. ప్రయాణపు సంచిలో ముందు పెట్టవలసినది మాత్రల అట్ట.

బరువు తగ్గించి, ఉప్పు తగ్గించి, పొగాకు, మద్యం మాని, రోజూ అరగంట నడిచేవారికి కాలక్రమంలో మోతాదు తగ్గవచ్చు, కొందరికి మందు అవసరమే తీరవచ్చు. ఆ నిర్ణయం కొలతలు చూసి వైద్యుడు చేయాలి. రోజుకు అయిదు గ్రాములలోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అది సుమారు ఒక చిన్న చెంచా. ఊరినుంచి వచ్చిన ఆవకాయ, అప్పడం, వడియం, ఎండుచేప, హోటలు సాంబారు అన్నీ ఆ చెంచాలోనే లెక్కకు రావాలి.

మూలికలకు చెడు ఫలితాలు లేవా?

వేరుమందుకు చెడు ఫలితాలు ఉండవనే నమ్మకం ఉన్నది. దీనికి సర్పగంధి చరిత్ర సమాధానం. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఈ మొక్క వేరు రక్తపోటును తగ్గిస్తుందని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. 1952లో దాని నుంచి రిసెర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ప్రపంచమంతా వాడిన ఆ మందు కొందరిని తీవ్రమైన విచారంలోకి నెట్టుతున్నదని వైద్యులు గమనించారు. మెరుగైన మందులు రాగా దాని వాడకం బాగా తగ్గిపోయింది. పనిచేసే ఏ పదార్థమైనా, అది వేరునుంచి వచ్చినా, కర్మాగారం నుంచి వచ్చినా, కొందరిని ఇబ్బంది పెట్టగలదు. మూలిక వాడుతున్న సంగతి కూడా వైద్యునికి చెప్పాలి.

చెప్పుకోవడానికి మాటలు

కొత్తగా వచ్చినవారికి బాధను తమిళంలో చెప్పడం కష్టం కావచ్చు. కొన్ని మాటలు తెలిసి ఉంటే మేలు. రక్తపోటు: రత్త అళుత్తం. మాత్ర: మాత్తిరై. వాపు: వీక్కం. దగ్గు: ఇరుమల్. ఊపిరాడకపోవడం: మూచ్చుత్ తిణరల్. పెదవి: ఉదడు. నాలుక: నాక్కు. గర్భిణి: కర్ప్పిణి. తమిళంలో మయక్కం అనే మాట కళ్ళు తిరగడానికీ, స్పృహ తప్పడానికీ రెండింటికీ వాడతారు. కాబట్టి కింద పడ్డారా, తెలివి పోయిందా అన్నది విడమరచి చెప్పాలి.

మాట రాకపోయినా కాగితం మాట్లాడుతుంది. మాత్ర పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఇబ్బంది మొదలైన తేదీ, పాత ఉబ్బసం, పడని మందుల పేర్లు ఒక చీటీలో రాసి జేబులో ఉంచుకోవాలి.

తమిళనాడు ప్రభుత్వం రక్తపోటు, మధుమేహ రోగుల ఇళ్ళకు మందులు చేర్చే “మక్కళై తేడి మరుత్తువం” పథకాన్ని 2021 ఆగస్టు 5న ప్రారంభించినది ఈ కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. నగర ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోను, ప్రభుత్వ ఆసుపత్రిలోను రక్తపోటు పరీక్ష, మందులు ఉచితం. మందువల్ల హాని కలిగిందని అనుమానం వస్తే రోగి స్వయంగా భారత ఔషధ నిఘా కార్యక్రమానికి తెలుపవచ్చు. 2010లో మొదలైన ఈ కార్యక్రమపు ఉచిత ఫోన్ సంఖ్య 1800-180-3024. రోగులు నింపే పత్రం తెలుగులో కూడా ఉన్నది. ఒకరు తెలిపిన హాని మరెందరికో హెచ్చరికగా మారుతుంది.

పునశ్చరణ

1. రక్తపోటు కొలవడానికి ముందు పాటించవలసిన నియమాలు ఏవి?
2. ముప్పై ఏళ్ళలోపు రక్తపోటు వచ్చినవారికి ఏయే పరీక్షలు అవసరం?
3. విరేచనాలు పట్టుకొన్న రోజున రక్తపోటు మాత్ర వాడేవారు ఏమి చేయాలి? ఏ మాత్రను దుకాణంలో కొనరాదు?
4. పెదవులు, నాలుక ఉబ్బితే మొదట చేయవలసిన పని ఏది?
5. ఇంటిలో రక్తపోటు మందు వాడేవారి మాత్రల పేర్లు ఏవి? అవి ఏ కుటుంబానికి చెందినవి?

అయిదవ ప్రశ్నకు సమాధానం ఈ పుస్తకంలో లేదు. అది ఇంటిలోని మాత్రల అట్ట మీద ఉన్నది. దానిని ఈ రోజే చూసి చీటీలో రాసుకోవాలి.